ఏడో నంబరు మంచం మీద పాటల పెట్టె

మా ఏరియా ఆసుపత్రిలో నేను జూనియర్ అసిస్టెంటుని. పేరు కొంచాడ గణపతి. రోగులకు డాక్టర్లు ఎంత అవసరమో డాక్టర్లకు నేనూ అంతే అవసరమని నా అభిప్రాయం. దీన్ని ఇంతవరకు ఎవరూ లిఖితపూర్వకంగా ఖండించలేదు. నా బల్ల మీద ఫైలు కదలనిదే ఆసుపత్రిలో దూది ఉండ కూడా కదలదు. అందుచేత పిల్లల వార్డుకు పాటల పెట్టె ఎంపిక చేసిన వ్యవహారం మొదటి నుంచి చివరిదాకా తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఆ ఏడు ఆగస్టులో పై నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. చిన్నపిల్లలు ఫోన్లకూ టీవీలకూ అతుక్కుపోతున్నారనీ, 'తెర లేని బాల్యం' మన ధ్యేయమనీ, ఇకమీదట పిల్లల వార్డులలో 'ఎట్టి రకమైన తెరయు శిశువుల కంట పడరాదు' అనీ దాని సారాంశం. మా సూపరింటెండెంటు డాక్టర్ దామోదర పట్నాయక్ గారు ఉత్తర్వును అక్షరం పొల్లుపోకుండా అమలు చేసే మనిషి. మర్నాడు పొద్దున్నే గోడ మీది టీవీ దింపించారు. తలుపు దగ్గర సెక్యూరిటీని పెట్టి ఫోన్లు తీసుకుని టోకెన్లు ఇప్పించారు. మధ్యాహ్నం ఉత్తర్వు మరోసారి చదువుకుని, 'ఎట్టి రకమైన' అన్న మాట కింద ఎర్ర సిరాతో గీత గీసి, కిటికీ తెరలు కూడా విప్పించారు. సాయంత్రానికి దోమతెరలు కూడా వెళ్లిపోయాయి.

పైడిశ్రీ ఆ తరువాత మూడో రోజున చేరింది. నాలుగున్నరేళ్ల పిల్ల. ఊరు జొన్నవలసపాలెం. గడ్డిమేటు ఎక్కి జారుడుబండ ఆడబోయి, కింద రాతి మీద పడి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. తల్లి ఇంటి దగ్గర చంటివాణ్ని చూసుకోవాలి కాబట్టి తోడుగా అమ్మమ్మ అప్పలనర్సమ్మ వచ్చింది. ఎముకల డాక్టరు గారు పిల్ల కాలు పైకెత్తి కట్టి, కప్పీ మీదుగా ఇసుక సంచి వేలాడదీశారు.

"నాలుగు వారాలు ఇలాగే వెల్లకిలా పడుకోవాలి. మెలికలు తిరిగితే ఎముక వంకరగా అతుకుతుంది. తరువాత కుంటాల్సి వస్తుంది" అని చెప్పి వెళ్లిపోయారు.

నాలుగున్నరేళ్ల పిల్లను నాలుగు వారాలు కదలకుండా ఎలా ఉంచాలో ఆయన చెప్పలేదు. అది ఎముకల విభాగం కిందికి రాదు.

అప్పలనర్సమ్మకు మాత్రం ఒక ఉపాయం తెలుసు. అత్యవసర గదిలో కట్టు కడుతున్నంతసేపూ ఆమె తన ఫోనులో పిల్లల పాటలు వినిపించింది. పిల్ల చెవి ఒగ్గి విన్నది, ఏడవలేదు. తీరా వార్డు గుమ్మం దగ్గరకు వచ్చేసరికి సెక్యూరిటీ చెయ్యి చాపాడు.

"పాట యినిపించడానికే బాబూ. పిల్ల దాని మొగం సూడదు. బోర్లా ఎడతాను" అందామె.

"తెర ఉందా, లేదా?"

"పోనన్నాక ఉంటాది కదేటి."

"బోర్లా పెట్టినా తెర తెరే అమ్మా" అని ఫోను తీసుకుని పదకొండో నంబరు టోకెను ఇచ్చాడు.

ఆ సాయంత్రం నుంచి పైడిశ్రీ ఏడుపు నా గదిదాకా వినపడింది. ఒళ్లు విరుచుకుంటుంటే ఇసుక సంచి ఇటూ అటూ ఊగిపోతోంది. అప్పలనర్సమ్మ తనకొచ్చిన రెండు పాటలూ పాడిపాడి మర్నాటికి గొంతు పోగొట్టుకుంది. వార్డు హెడ్ నర్సు ఎస్తేరు రాణి సిస్టరు వచ్చి కాసేపు కీర్తన పాడుతుంది. ఈలోగా ఇంకో మంచం మీద ఇంకో పిల్లవాడికి సెలైను అయిపోతుంది. ఆమెకు మొత్తం ఇరవై నాలుగు మంచాలు మరి.

మూడో రోజున సిస్టరు నా దగ్గరికి ఒక నోటు పంపింది. 'ఆరో మంచం పాప కదలకుండా ఉండాలంటే పాటలు కావాలి. తెర లేనిది, పిల్ల తన చేత్తో పట్టుకుని నొక్కుకోగలిగిన చిన్న పాటల పెట్టె ఒకటి ఇప్పించగలరు. బజారులో దొరుకుతుంది.'

చివరి వాక్యం రాయకుండా ఉండవలసింది. బజారులో దొరికే వస్తువును ప్రభుత్వ ఆసుపత్రి బజారుకు వెళ్లి కొనుక్కోవడం అంత తేలిక కాదు. నోటు చూసి సూపరింటెండెంటు గారు నన్ను పిలిపించారు.

"గణపతీ, వస్తువు చిన్నది కావచ్చును. బాధ్యత చిన్నది కాదు. రేపు ఆ పెట్టె వలన శిశువుకు ఏదైనా జరిగినచో సమాధానం చెప్పవలసినది ఎవరు?"

"తమరే సార్."

"అందువలన సంఘం వేయవలెను. సంఘం చెప్పే సమాధానానికి ముఖం ఉండదు."

ఆ విధంగా 'శిశు శ్రవణ పరికర ఎంపిక సంఘం' పుట్టింది. అధ్యక్షులు సూపరింటెండెంటు గారు. సభ్యులు ఇద్దరు: స్టోర్సు చూసే బెహరా సోమేశ్వరరావు గారు, వార్డుల్లో అంటురోగాలు వ్యాపించకుండా చూసే డాక్టర్ శశిరేఖ గారు. చర్చలు రాసుకోవడానికి నేను.

మొదటి సమావేశంలో బెహరా గారు ఒక ముఖ్యమైన విషయం లేవనెత్తారు. పెట్టె పిల్ల నోట్లో పట్టకూడదు. అయితే పిల్ల నోరు ఎంత? ఎవరి దగ్గరా లెక్క లేదు. నేను టేపు పట్టుకుని వార్డుకు వెళ్లాను. పైడిశ్రీ నన్ను ఇంకో డాక్టరు అనుకుని కొండనాలుక కనపడేదాకా నోరు తెరిచింది. 'మామూలుగా ఐదు సెంటీమీటర్లు, ఏడ్చునప్పుడు ఆరున్నర' అని రాసుకొచ్చాను. పెట్టె ఏడుపు కొలత కంటే పెద్దదిగా ఉండాలని తీర్మానించారు.

శశిరేఖ గారు, వార్డులోకి వచ్చే ఏ వస్తువైనా బ్లీచింగు నీళ్లతో కడగడానికి తట్టుకోవాలనీ, అవసరమైతే ఉడకబెట్టడానికి కూడా వీలుండాలనీ అన్నారు. సందులు ఉండకూడదు, సందుల్లో క్రిములు చేరతాయి. మీటలు ఉంటే మీటల చుట్టూ సందులు ఉంటాయి కాబట్టి మీటలు ఉండకూడదు. పైగా మీటలుంటే పిల్ల తప్పు మీట నొక్కే ప్రమాదం కూడా ఉందని బెహరా గారు బలపరిచారు. తీగలు వద్దు. మూలలు మొనదేలి ఉండకూడదు. ఇరవై ఐదేళ్లు మన్నాలి.

"శిశువు దానిని పక్క మంచం శిశువుపైకి విసరకూడదు కదా" అన్నారు సూపరింటెండెంటు గారు. "కావున శిశువు ఎత్తలేనంత బరువు ఉండవలెను."

బెహరా గారు తల గోక్కున్నారు. "సార్, చేత్తో పట్టుకోగలిగినది అని కదా సిస్టరు రాసింది?"

"పట్టుకోగలగవలెను, నిజమే. అయితే ఎందరు చేతులు వేయవలెనో నోటులో లేదు. నలుగురు వార్డుబాయిలు మోయగలిగినచో అది చేతులతో మోయదగిన వస్తువే."

ఇలా పదమూడు నిబంధనలు తేలాయి. టీ తాగి లేవబోతుండగా నా కాగితాలు చూసుకుని, "సార్, పాట పాడాలి అన్నది ఎక్కడా రాయలేదు" అన్నాను.

"అది కూడా చేర్చు" అన్నారు సూపరింటెండెంటు గారు. "చివర."

నమూనాల కోసం అప్పటికప్పుడే కోటబజారులో ఎలక్ట్రికల్ షాపు నడిపే లింగరాజుకు కబురు పెట్టాం. ఆయన మూడు తెచ్చాడు. మొదటిది ఎర్రని చిన్న పెట్టె. రెండు అరచేతుల్లో ఇమిడేంత ఉంది, మీద పెద్ద పెద్ద మీటలు నాలుగు. ఒక మీట నొక్కితే వాన పాట, ఒకటి నొక్కితే జంతువుల పాట, ఇలా వస్తాయి. రెండోది పొడుగాటి ఏరియల్ ఉన్న రేడియో. మూడోది పెళ్లి ఊరేగింపుల్లో తోసుకుంటూ వెళ్లే చక్రాల స్పీకరు.

"చిన్నపిల్లకన్నారు కదా సార్, ఎర్రది పట్టుకెళ్లండి. మా మనవరాలికీ అదే ఇచ్చాను" అన్నాడు లింగరాజు.

పరీక్షకు ముందే అభిప్రాయం చెప్పినందుకు ఆయన్ని బయట కూర్చోమన్నారు.

మూడో నమూనాను వరండాలో మోగించి చూశాం. గంటలో కాన్పుల వార్డులో ముగ్గురు ప్రసవించారు. ఆ స్పీకరు తమకు ఇప్పించమని ఆ వార్డు సిస్టరు వేరే నోటు పెట్టింది. రెండో నమూనాను శశిరేఖ గారు నిబంధన ప్రకారం ఉడకబెట్టించారు. దాని గురించి ఇక చెప్పడానికి ఏమీ మిగల్లేదు. ఎర్ర పెట్టెను కూడా ఉడకబెట్టబోతుంటే సమావేశం టైము అయిపోయింది. వచ్చే సమావేశం పదిహేను రోజుల తరువాత. అందాకా ఏం చేయాలన్న ప్రశ్న రాగా, అలవాటు ప్రకారం నేను ఇలా రాశాను: 'మొదటి నమూనాను పరిశీలనలో ఉంచవలెను.'

ఫైలు ఎంతవరకు వచ్చిందో కనుక్కోవడానికి ఎస్తేరు సిస్టరు నా గదికి వచ్చింది. ఆ వాక్యం దగ్గర వేలు పెట్టి ఆగిపోయింది.

"గణపతి గారూ, మన ఆసుపత్రిలో పరిశీలనలో ఉంచడమంటే ఏంటండీ?"

"అబ్జర్వేషను."

"అబ్జర్వేషనులో పెట్టినవాళ్లని ఎక్కడ ఉంచుతామండీ?"

"మంచం మీద."

"నా వార్డులో ఏడో నంబరు ఖాళీగా ఉందండి" అంది సిస్టరు.

నేను ఏ పనీ నిబంధన చూడకుండా చేయను. చేర్పుల నియమావళి మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా చదివాను. 'రోగి అనగా చేర్పు పుస్తకంలో నమోదు అయినవారు' అని ఉంది. రోగి మనిషై ఉండాలని ఎక్కడా లేదు. రాసినవారికి ఆ అవసరం తోచి ఉండదు.

చేర్పు పుస్తకంలో నేనే రాశాను. పేరు: ఎర్ర పెట్టె. సంరక్షకుడు: లింగరాజు. వయసు: అట్టపెట్టె మీద తయారీ తేదీ చూసి లెక్కేస్తే ఎనిమిది నెలలు. బాధ: పాడుచున్నది. తూకం వేస్తే మూడు వందల పది గ్రాములు వచ్చింది. ఎనిమిది నెలల వయసుకు అది అతి తక్కువ బరువు కాబట్టి పోషకాహార పట్టిక తనంతట తానే వర్తించింది. పొద్దున పాలు, ఒక గుడ్డు. సాయంత్రం మళ్లీ పాలు.

ఏడో మంచం ఆరో మంచానికి చెయ్యి చాపితే అందేంత దగ్గర. సిస్టరు పెట్టెను తలగడ మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పి, పేరు చీటీ తగిలించింది. పైడిశ్రీ ఏడుపు ఆపి అటు చూసింది.

"దానికేటయ్యింది?"

"పాటలు ఆగట్లేదంట. నువ్వు కొంచెం కనిపెట్టుకుని ఉండు" అంది సిస్టరు.

పైడిశ్రీ చెయ్యి చాపి ఒక మీట నొక్కింది. వాన పాట మొదలైంది. ఊగుతున్న ఇసుక సంచి కాసేపటికి నిలిచిపోయింది. అప్పలనర్సమ్మ గోడకు చేరగిలబడి, ఐదు రోజుల తరువాత మొదటిసారి కునుకు తీసింది.

ఆ రోజు నుంచి అంతా పద్ధతి ప్రకారం జరిగింది. డ్యూటీ డాక్టరు రౌండ్సుకు వచ్చి తల ఎత్తకుండా ఏడో నంబరు కేసు షీటులో 'ఇదే చికిత్స కొనసాగించవలెను' అని రాసి ఎనిమిదో నంబరుకు వెళ్లిపోయేవాడు. పాలు, గుడ్డు వేళకు వచ్చేవి. రోగి తినని పక్షంలో తోటి రోగికి ఇవ్వవచ్చునన్న వెసులుబాటు ఉంది కాబట్టి పైడిశ్రీ రెండు గుడ్లు తినేది. సాయంత్రం సిస్టరు తీగ తగిలించి ఛార్జింగు పెడితే, వచ్చిపోయే బంధువులు 'పాపం, దీనికి కూడా సెలైను ఎక్కిస్తున్నారు' అనుకుంటూ పోయేవారు. పెట్టె చేరికతో మా వార్డులో మంచాలన్నీ నిండిన వారంగా జిల్లాలో మాకు పేరు కూడా వచ్చింది.

పరిశీలనలో ఉన్నదాన్ని పరిశీలించేవాడు ఒకడుండాలి. ఆ బాధ్యత నేను తీసుకున్నాను. రోజూ నాలుగింటికి వార్డుకు వెళ్లి స్టూలు మీద కూర్చుని రాసుకునేవాణ్ని. 'ఈ దినము రోగి ఇరవై రెండు పాటలు పాడెను. స్వరము స్పష్టముగా నున్నది.' పది నిమిషాలకు లేవబోతే పైడిశ్రీ ఊరుకునేది కాదు.

"అప్పుడే యెల్లిపోతావేటి? ఏనుగు పాట అవ్వనేదు."

ఏనుగు పాట అయ్యాక కోతి పాట. నా ఉద్యోగంలో ఏ పనినీ అంత శ్రద్ధగా పరిశీలించలేదని చెప్పగలను. పన్నెండో రోజుకు వార్డులో ఇరవై నాలుగు మంచాల్లో నడవగలిగినవాళ్లు ఏడో మంచం చుట్టూ చేరేవాళ్లు. నడవలేనివాళ్లు ఉన్నచోటి నుంచే గొంతు కలిపేవాళ్లు. జ్వరాల పిల్లలు కొంచెం శ్రుతి తప్పినా, తాళం మాత్రం తప్పేవాళ్లు కాదు.

పైడిశ్రీ చేరిన ఇరవయ్యో రోజున రెండో సమావేశం జరిగింది. నమూనాలకు మార్కులు వేయాలి. ఎర్ర పెట్టెకు పద్నాలుగింటికి ఐదు వచ్చాయి. పిల్ల ఎత్తగలదు, పోయింది. మీటలున్నాయి, పోయింది. ఛార్జింగు తీగ ఉంది, అదీ పోయింది. ఇంతలో బెహరా గారు గొంతు సవరించుకున్నారు.

"సార్, బయట వెతకడం ఎందుకని నేను నిబంధనల జాబితా పట్టుకుని మన స్టోర్సులోకి వెళ్లాను. ఒక్కొక్క వస్తువునూ జాబితాతో సరిచూశాను. ఒకటి దొరికింది. నోట్లో పట్టదు, పిల్ల ఎత్తలేదు, మీటలు లేవు, తీగ లేదు, తెర లేదు. ఉడకబెట్టవచ్చు. యాభై ఏళ్లు మన్నుతుంది."

"ఏమిటది?"

"నాలుగడుగుల ఇనప బీరువా సార్."

శశిరేఖ గారు మెచ్చుకోలుగా తల ఊపారు. సూపరింటెండెంటు గారు కాస్త ఆలోచించి, "పాడదు కదా" అన్నారు.

"పద్నాలుగింటిలో అదొక్కటే లోపం సార్. అది కూడా మనం చివర చేర్చింది."

పదమూడు మార్కులు వచ్చినదాన్ని వదిలి ఐదు వచ్చినదాన్ని తీసుకుంటే ఆడిట్ వాళ్లకు సమాధానం చెప్పలేం. కాబట్టి బీరువా ఎంపికైంది. ఎంపిక పూర్తయింది కనుక మొదటి నమూనాను పరిశీలన నుంచి తొలగించి యజమానికి తిరిగి ఇవ్వాలని కూడా తీర్మానించారు. ఆ తీర్మానం రాస్తుంటే నా కలం ఒకటి రెండుసార్లు ఆగింది. సిరా అయిపోయిందేమో అనుకున్నాను, అవలేదు.

బీరువాకు గులాబీ రంగు వేసి, తలుపు మీద రెండు బాతులు గీయించి, నలుగురు వార్డుబాయిలతో ఆరో మంచం పక్కకు చేర్పించారు. బెహరా గారు స్వయంగా వచ్చారు.

"ఇదేటి?" అంది పైడిశ్రీ.

"నీ కోసం తెచ్చిన పాటల పెట్టె అమ్మా."

"పాడమను."

బెహరా గారు బీరువా వైపు చూశారు.

"బీరువా కదా ఇది" అంది పిల్ల. "మా మామ్మింట్లో ఉంది. దాన్నిండా సీరలే." అని చేతిలో ఉన్న గుడ్డు తినే చెంచాతో అందినంత మేర తలుపు మీద కొట్టింది. ఖంగుమని మోగింది. పక్క మంచం పిల్లలు నవ్వారు. బెహరా గారు జేబులోంచి కాగితం తీసి, 'పద్నాలుగవ నిబంధన పాక్షికముగా నెరవేరినది' అని రాసుకుని, ఎర్ర పెట్టె కోసం చెయ్యి చాపారు.

ఎస్తేరు సిస్టరు అడ్డం వచ్చింది. "అది పేషెంటండీ. డాక్టరు డిశ్చార్జి రాయకుండా నేనెలా ఇస్తానండీ?"

"పెట్టెకు డిశ్చార్జి ఏమిటి?"

"చేర్పు ఉందండి, కేసు షీటు ఉందండి, పది రోజులకు పైగా పాలూ గుడ్లూ ఉన్నాయండి. జబ్బు ఏంటో రాయకుండా పంపేస్తే, ఏమీ లేనిదాన్ని ఇన్నాళ్లు ఎందుకు ఉంచామని అడుగుతారు కదండీ. డైట్ షీటు మీద రోజూ సంతకం సూపరింటెండెంటు గారిదే."

ఈ మాట సూపరింటెండెంటు గారికి చేరవేయవలసింది నేనే. విని ఆయన చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. తెర లేదు కాబట్టి బాగానే కనపడుతుంది.

"రేపు ఉదయం రౌండ్సుకు నేనే వచ్చెదను" అన్నారు చివరికి.

మర్నాడు వార్డు తుడిచి తళతళలాడించారు. పిల్లలందరికీ తలలు దువ్వారు. సూపరింటెండెంటు గారి వెనక బెహరా గారు, శశిరేఖ గారు, వాళ్ల వెనక నేను. పైడిశ్రీకి ఏమి జరగబోతోందో అప్పలనర్సమ్మ చెప్పినట్టుంది. పిల్ల ఒక చెయ్యి ఏడో మంచం మీద, పెట్టె మీద పెట్టుకుని పడుకుని ఉంది. ఇంకా వారం రోజులు ఉండాలి కాలు అలా.

సూపరింటెండెంటు గారు కేసు షీటు చదివారు. ప్రతి పేజీలోనూ 'ఇదే చికిత్స' అని ఉంది. స్టెతస్కోపు తీసి పెట్టె మీద ఆనించారు. సిస్టరు మీట నొక్కింది. ఏ శబ్దమూ లేదు.

"మాట పడిపోయినట్లున్నది" అన్నారు ఆయన, కొంచెం తేలికపడినట్టు.

"మాట పడనేదు" అంది పైడిశ్రీ. "దానికి ఆకలేసినాది. నిన్న గొడవలో ఎవలూ తిండెట్టనేదు." అని తీగ వైపు చూపించింది.

సిస్టరు తీగ తగిలించింది. కాసేపు ఆగి సూపరింటెండెంటు గారు మళ్లీ స్టెతస్కోపు పెట్టగానే సిస్టరు మీట నొక్కింది. సన్నగా వాన పాట వచ్చింది. ఆయన చెవుల్లో గొట్టాలతో అలాగే వంగి నిలబడ్డారు. పాట అయింది. ఆయన నడుం ఎత్తలేదు. రెండోది కూడా విన్నారు.

"అవతలది నొక్కితే ఏనుగు పాటొస్తాది డాట్రుబాబూ" అంది పిల్ల.

పదకొండేళ్లుగా ఆయన దగ్గర పనిచేస్తున్నాను. ఫ్యాను మీట కూడా బంట్రోతును పిలిచి వేయించుకునే మనిషి. తానుగా వేలు చాపి ఆ మీట నొక్కారు. ఏనుగు పాట మొదలైంది. ఈసారి ఆయన గొట్టాలు చెవుల్లోంచి తీసి మెడలో వేసుకున్నారు. మూడో మంచం పిల్లవాడు గొంతు కలిపాడు. తరువాత పదకొండో మంచం. తరువాత వార్డంతా. బెహరా గారి పెదాలు కదులుతున్నాయేమోనని నేను అటు చూశాను. ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నారు.

పాట అయ్యాక సూపరింటెండెంటు గారు శశిరేఖ గారి వైపు తిరిగారు.

"డాక్టరుగారూ, మీరు గమనించితిరా? ఒక మంచం నుండి మొదలై నిమిషంలో అన్ని మంచాలకూ సోకినది."

"గమనించానండి" అన్నారు ఆమె.

"అటువంటి రోగిని వార్డు దాటి బయటకు పంపుటకు మీ విభాగం అంగీకరించునా?"

శశిరేఖ గారు నిబంధనలను మనసులోనే ఒకసారి తిరగేశారు. "వీల్లేదండి. లక్షణాలు పూర్తిగా తగ్గేదాకా వార్డులోనే వేరుగా ఉంచాలి."

సూపరింటెండెంటు గారు కలం అడిగి కేసు షీటులో స్వహస్తాలతో రాశారు. 'రోగ నిర్ధారణ: పుట్టుకతో వచ్చిన పాట. ప్రాణాపాయము లేదు. తీవ్రమైన అంటు లక్షణము కలదు. తగ్గు వరకు ఏడవ నంబరు మంచము మీదనే ఉంచవలెను.' సంతకం చేసి, ఎనిమిదో మంచానికి వెళ్లిపోయారు.

బెహరా గారు ఒట్టి చేతులతో వెళ్లారు. బీరువా మాత్రం అక్కడే ఉంది. అందులో ఇప్పుడు సిస్టరు పాలగ్లాసులు పెట్టుకుంటోంది.

ఇరవై ఎనిమిదో రోజున ఇసుక సంచి విప్పారు. ఎముక తిన్నగా అతికింది. పిండికట్టు వేసి, కొన్నాళ్లు నడిపించవద్దని చెప్పి ఇంటికి పంపించారు. అప్పలనర్సమ్మ పిల్లను చంకనెత్తుకుని, టోకెను ఇచ్చి ఫోను తీసుకుని, తిన్నగా నా గదికి వచ్చింది.

"బాబుగోరూ, ఈ పోను ఇకన దానికియ్యను. అలాటి పెట్టి ఒకటి కొంటాను. ఏది మంచిదో నువ్వే సెప్పాల. ఇన్ని కాయితాలు రాసినోడివి కదా."

నా బల్ల మీద ఆ విషయం గురించి నూట పద్నాలుగు పేజీలున్నాయి. వాటిలో ఆమె అడిగినదానికి జవాబు ఏ పేజీలో ఉందో నాకు తట్టలేదు. "నేను కూడా వస్తాను పదండి" అన్నాను.

లింగరాజు మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. బల్ల మీద ఆరు పెట్టెలు వరసగా పెట్టి, భయంభయంగా నా వైపు చూశాడు. "నిబంధనలు ఏంటి సార్ ఈసారి?"

"ముందు పిల్ల నోటి కొలత..." అని మొదలుపెట్టాను.

ఈలోగా పైడిశ్రీ అమ్మమ్మ చంకలోంచి వంగి పసుపుపచ్చ పెట్టె ఒకటి లాక్కుంది. మీట నొక్కింది, తల పక్కకు వాల్చి కొంచెంసేపు విన్నది. పైకెత్తింది, దించింది. దాన్ని గుండెకు ఆనించుకుని, "ఇది" అంది. అంతా కలిపి ఒక నిమిషం పట్టి ఉంటుంది.

"ఎర్రది వద్దేటే?" అంది అప్పలనర్సమ్మ. "ఆసుపత్రిలో దానితోనే ఆడినావు."

"దీనికి పిడుంది."

"పిడుంటే ఏమవుతుంది?" అన్నాను. కారణం లేకుండా ఎంపిక రాసుకోవడం నాకు చేతకాదు.

పైడిశ్రీ నాకు విడమరిచి చెప్పింది. "తాడు కట్టి మా మేక మెడలో ఎడతాను. నాను నడవకూడదు కదా. అది ఊరంతా తిరిగొస్తాది. అది ఎక్కడుందో నాకు యినిపిస్తాది."

లింగరాజు పసుపు పెట్టెను సంచిలో వేయబోతే పిల్ల ఒప్పుకోలేదు. చేత్తోనే పట్టుకుంది. ఆటో మలుపు తిరిగేదాకా వాన పాట వినపడుతూనే ఉంది.

మర్నాడు పదకొండింటికి సంఘం మూడో సమావేశం. బీరువాకు ఏడాదికోసారి శ్రుతి సరిచేయించాలా వద్దా అన్నది చర్చనీయాంశం. మొదలుపెట్టే ముందు సూపరింటెండెంటు గారు కళ్లజోడు మీదుగా నన్ను చూశారు.

"నిన్న సాయంకాలం సీటులో లేవు."

"మార్కెట్ పరిశీలనకు వెళ్లాను సార్."

"ఏమి తేలినది?"

నేను లేచి నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పాను. "మేక మెడలో వేలాడదీయడానికి వీలుగా ఉండాలి సార్."

బెహరా గారు శశిరేఖ గారి ముఖం చూశారు. శశిరేఖ గారు బల్ల వైపు చూశారు. సూపరింటెండెంటు గారు కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, చాలా గంభీరంగా ఆలోచించారు.

"సహేతుకముగానే ఉన్నది" అన్నారు. "పదిహేనవ నిబంధనగా చేర్చు."